పదకొండు ఎర్రబొట్లు

చిన్నసుబ్బయ్యకు లెక్కపెట్టే జబ్బుంది. జబ్బని బాలనాగమ్మ అంటుంది గానీ ఆయన ఒప్పుకోడు. పొద్దున దొడ్డి తడిక తీసేటప్పుడు గొర్రెల్ని లెక్కపెడతాడు, సాయంత్రం లోపలికి తోలేటప్పుడు మళ్లీ లెక్కపెడతాడు. అది సరే, గొర్రెలున్న ఏ ఇంట్లోనైనా ఉండేదే. ఈయన అంతటితో ఆగితేగా! పులివెందుల బస్సెక్కితే కూర్చున్నవాళ్లెందరో నిలబడ్డవాళ్లెందరో లెక్కపెడతాడు. పెళ్లికి పోతే పంక్తిలో విస్తళ్లు లెక్కపెడతాడు. ఒకసారి బాలనాగమ్మ వాళ్లన్న మైలవరం డ్యాం చేపలు పంపిస్తే, కడిగేటప్పుడు ఒకసారి లెక్కపెట్టి, పులుసు ఉడికాక చట్టిలో గరిటె పెట్టి ఇంకోసారి లెక్కపెట్టబోయాడు. ఆమె ఆ గరిటె లాక్కుని దాంతోనే ఆయన చేతిమీద ఒకటి వేసింది.

లెక్క తేలకపోతే మాత్రం ఆయనకు ముద్ద దిగదు. ఉన్న అరవై నాలుగింటిలో ఒక్క గొర్రె కనబడకపోయినా చాలు, కర్ర పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పోతాడు, దాన్ని పట్టుకుని గానీ ఇంటికి రాడు. ఆయన వచ్చేదాకా బాలనాగమ్మ తినదు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఈ మహానుభావుడి పుణ్యమా అని ఆమె ఎన్నిసార్లు చల్లారిన సంగటి తిన్నదో, ఆ లెక్క మాత్రం ఆయన దగ్గర లేదు.

ఆ గొర్రెల ఇంట్లోకి చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, వచ్చి ఆరేళ్లయింది. వేముల దారిలో వాళ్లకు ఎకరన్నర చేనుంది. వాన పడితే శనక్కాయ, పడకపోతే బీడు. కాలవ నీళ్లొచ్చి చుట్టుపక్కల బోర్లు ఊరాక ఊరంతా చీనీ పెట్టింది. మనమూ పెడదామని బాలనాగమ్మ పట్టుబట్టింది. గొర్రెలు కాసేవాళ్లకు తోటలెందుకని చిన్నసుబ్బయ్య గొణిగాడు, గొణుగుతూనే గుంతలు తవ్వాడు. నూట నలభై గుంతలు, మూడుసార్లు లెక్కపెట్టి మరీ. డ్రిప్పు పైపులు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఎండాకాలమంతా ఒక్కో మొక్కకు ఒక్కో బిందె చొప్పున నీళ్లు మోసింది బాలనాగమ్మే. అందుకని కాగితాల్లో చేను ఆయన పేరున ఉన్నా చెట్లు ఆమెవి. ఈ మాట ఆయన ముందే ఎన్నోసార్లు అంది, ఆయన కాదనలేదు.

నిరుటి దాకా పదో పాతికో కాయలు కాసి ఊరించిన చెట్లు ఈ ఏడు కొమ్మ వంగేటట్టు కాశాయి. ఆషాఢం వచ్చేసరికి కాయలు నిమ్మకాయంత అయ్యాయి. సరిగ్గా అప్పుడే పొలుసు పురుగు పట్టింది.

పేరుకే అది పురుగు. చూస్తే కొమ్మకు గోధుమరంగు పొక్కు లేచినట్టు ఉంటుంది. కాళ్లు కనబడవు, కదలదు, మెదలదు, అతుక్కున్న చోటే ఉండి చెట్టు రసం పీలుస్తుంది. దాని జిగురు ఆకుల మీద కారుతుంది, ఆ జిగురుకు చీమలు పడతాయి, చీమలతో పాటు నల్లని మసి కమ్ముకుంటుంది. గట్టు పక్క మూల చెట్టుతో మొదలై పదిరోజుల్లో నాలుగు వరసలకు పాకింది. కొమ్మల చివర్లు ఎండసాగాయి. ఇట్లాగే పోతే ఈ ఏటి కాపు రాలిపోవడమే కాదు, వచ్చే ఏటికి చెట్లే మిగలవని చూసినవాళ్లంతా అన్నారు. బాలనాగమ్మకు నోటికి ఏదీ సయించలేదు. బిందెలు మోసిన నడుము నొప్పి ఇంకా పోనేలేదు, చెట్లు అప్పుడే పోతాయా అని ఒకరోజు ఆ మూల చెట్టు కింద కూర్చుని బాగా ఏడ్చింది.

ఏడ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని తల ఎత్తితే, ఎదురుగా కొమ్మ మీద ఒక పొలుసు జరిగింది.

ఆమె కళ్లు మళ్లీ తుడుచుకుంది. కదలదు మెదలదు అనుకున్నది కదులుతోంది. చిక్కుడుగింజలో సగం ఉంటుంది, మిగతా పొలుసుల కంటే కొంచెం ఎత్తుగా, గుబ్బగా ఉంది. జానెడు కొమ్మ దాటడానికి దానికి చాలాసేపు పట్టింది గానీ, దాటింది. బాలనాగమ్మ ఒక్క పరుగున ఇంటికి పోయి మొగుడికి చెప్పేసింది. చెప్పకముందు ఇంకొంచెంసేపు కూర్చుని చూసి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో!

చిన్నసుబ్బయ్యకు తెలిసిందల్లా మంద. మందలో రోగం ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు నడవడం మొదలుపెట్టిందంటే ఇక ఆలోచించే పని లేదు, అన్నింటికీ ఒకేరోజు సూది వేయించాల్సిందే. అదే లెక్క చెట్లకూ వేశాడు. పొలుసుకు కాళ్లొచ్చాయంటే మొత్తం తోట మీద పడిపోతుందని, చెప్పులు కూడా వేసుకోకుండా నారాయణరెడ్డి దగ్గరికి పరిగెత్తాడు.

నారాయణరెడ్డిది పక్క తోటే, పన్నెండెకరాలు. ఊళ్లో చీనీ గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయన్నే అడుగుతారు, ఆయనా అడిగించుకోవడానికి అరుగు మీదే కూర్చుంటాడు. మనిషి మంచివాడే. నడిచే పొలుసును తన ముప్పై ఏళ్ల సేద్యంలో చూడలేదని, అయినా నడుస్తోందంటే ముదిరినట్టేనని, గట్టి మందు రెండుసార్లు కొడితే గానీ లొంగదని తేల్చాడు. తన ట్రాక్టరూ మందు కొట్టే మిషనూ పంపిస్తానన్నాడు. అయితే ఆషాఢం గాలి చెట్లను ఊపేస్తోంది. ఈ గాలికి కొడితే మందు చెట్టు మీద సగం, మన మొహాల మీద సగం పడుతుంది, గాలి తగ్గాక చూద్దామని అన్నాడు. అట్లా ఆ గాలి బాలనాగమ్మకు కొన్ని రోజులు సంపాదించి పెట్టింది.

మర్నాడు ఆమె గొర్రెలకు మేత వేసి నేరుగా మూల చెట్టు దగ్గరికే పోయింది. ఈసారి ఏడవడానికి కాదు. నడిచేవి ఒకటా రెండా, ఎటు పోతున్నాయి, ఏం చేస్తున్నాయి, చూద్దామని. వెతికితే చాలానే కనబడ్డాయి. కానీ ఒకదాన్ని చూసి కళ్లు తిప్పుకుంటే మళ్లీ ఏది అదో తెలియడం లేదు. అన్నీ ఒకే రంగు, ఒకే గుబ్బ.

ఇట్లాంటి చిక్కుకు గొర్రెల వాళ్ల దగ్గర ఒక ఉపాయముంది. పిల్లకు పాలివ్వకుండా తన్నే తల్లి ఏదో పట్టుకోవాలన్నా, రాత్రిపూట తడిక దాటే దొంగముండ ఏదో కనిపెట్టాలన్నా, అనుమానమున్న వాటి వీపు మీద రంగు చుక్క పెడతారు. చుక్క పెట్టి రెండు రోజులు దాని వెనకే తిరిగితే బుద్ధి బయటపడుతుంది. బాలనాగమ్మ పుట్టింట్లోనూ అంతే, మెట్టినింట్లోనూ అంతే. దొడ్డి చూరులో ఎర్ర రంగు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. ఆమె ఆ డబ్బా తెచ్చి, చీపురుపుల్ల మొన ముంచి, నడుస్తున్న ఒక్కో గుబ్బ మీద ఆవగింజంత ఎర్రబొట్టు పెట్టింది. మూల చెట్టు మీద చేతికందినంత మేర వెతికితే పదకొండు తేలాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పురుగులకు బొట్లు పెడుతోందంటే ఊరు ఏమనుకుంటుంది, దీనికి ఎండ దెబ్బ తగిలిందనదూ?

రెండు రోజులకే వాటి బుద్ధి బయటపడింది. ఎర్రబొట్టు ఒక పొలుసు పక్కకు చేరుతుంది, దాని మీదకు ఎక్కినట్టు ఒరుగుతుంది, పూటంతా అక్కడే ఉంటుంది. తర్వాత పక్కదాని దగ్గరికి పోతుంది. అది వదిలిపోయిన పొలుసును బాలనాగమ్మ గోటితో తాకితే పొట్టులా లేచొచ్చింది. లోపల ఏమీ లేదు. ఊదితే ఎగిరిపోయింది. ఎర్రబొట్టు నడిచిన కొమ్మల మీద ఏ పొలుసును ఊదినా ఎగిరిపోతోంది. నడవని కొమ్మల మీద ఊదితే ఒక్కటీ కదల్లేదు.

అప్పుడామె బొట్టు లేని ఒక గుబ్బను తుమ్మముల్లుతో మెల్లగా ఎత్తి తిరగేసింది. అడుగున తెల్లటి పట్టుదారం అల్లిక, ఆ అల్లికలో పొట్టిగా బొద్దుగా ఒక గొంగళిపురుగు. పైనున్నది దాని ఒళ్లు కాదు. అది తిని పారేసిన పొలుసుల తోళ్లు. వాటిని దారంతో కుట్టుకుని వీపు మీద కప్పుకుని తిరుగుతోంది. బాలనాగమ్మకు నవ్వొచ్చింది. గొర్రె బొచ్చుతో నేసిన గొంగడి కప్పుకుని గొర్రెల మధ్య తిరిగే మనిషితోనే గదా ముప్పై రెండేళ్లుగా కాపురం చేస్తున్నది! తెరిచిన గుబ్బను జాగ్రత్తగా కొమ్మకే ఆనించి, రోగం అనుకుంటే వైద్యుడు దొరికాడని తేలిక మనసుతో ఇంటికి పోయింది.

ఆ పూట సంగటిలోకి ఊరిమిండి పచ్చడి నూరింది. ఊరిమిండంటే చిన్నసుబ్బయ్యకు ప్రాణం. రెండో ముద్దకు ఆయన మొహం వెలగడం చూసి విషయమంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, మూడో ముద్ద కూడా తిన్నాడు, చేయి కడుక్కున్నాక ఇది ఎండకు పొలుసులు వాటంతట అవే ఎండి ఊడిపోవడమని, నడిచేది పిల్లలు పెట్టుకుంటూ పోతోందని అన్నాడు. తన కళ్లతో చూశానని ఆమె అంది. రెడ్డి ముప్పై ఏళ్లలో చూడంది నువ్వు రెండు రోజుల్లో చూసినావా అని ఆయన అడిగాడు. రెడ్డి అరుగు మీద కూర్చుని చూశాడు, నేను చెట్టు కింద కూర్చుని చూశానని ఆమె అంది. మాట పెరిగింది. ఊరిమిండి వృథా అయింది.

ఆ వారంలోనే రైతు సేవా కేంద్రం నుంచి అర్చన వచ్చింది, పంట నమోదు కోసం. పాతికేళ్ల పిల్ల, ఉద్యానం చదువుకుంది, స్కూటీ మీద మండలమంతా తిరుగుతుంటుంది. బాలనాగమ్మ ఆమెకు మజ్జిగిచ్చి, చేయి పట్టుకుని మూల చెట్టు దగ్గరికి లాక్కుపోయింది. అర్చన ఎర్రబొట్లు చూసి నవ్వలేదు. కింద కూర్చుని, భూతద్దం తీసి, చాలాసేపు చూసింది. తను పుస్తకంలో బొమ్మ చూసిందే తప్ప పురుగును చూడ్డం ఇదే మొదటిసారని ఒప్పుకుంది. ఫోటోలు తీసి తనకు చదువు చెప్పిన సారుకు పంపి, అడిగి చెబుతానంది.

నాలుగు రోజులకు ఫోన్ చేసింది. బాలనాగమ్మ స్పీకర్ పెట్టి మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. అర్చన చెప్పిందేమంటే, దీన్ని యూబ్లెమ్మా అంటారట. అది ఒక్క పురుగు పేరు కాదు, ఒక ఇంటిపేరులాంటిది. ఆ ఇంటిపేరుతో వందల రకాలున్నాయట, అన్నీ చిన్నచిన్న రెక్కలపురుగులే. ఎక్కువభాగం ఆకులూ పూలూ తినే రకాలేనట. కొన్ని మాత్రమే పొలుసుల్నీ పిండినల్లినీ తిని బతుకుతాయట. మన చెట్టు మీద ఉన్నది ఆ కొన్నిట్లోదే. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ పిల్ల నిజాయితీగా ఇంకొక మాట కూడా చెప్పింది. వంగతోటలో ఆకు చుట్టేసే పురుగు ఉంటుంది చూడండి పెద్దమ్మా, అదీ ఈ ఇంటిపేరుదేనని.

అంతే, చిన్నసుబ్బయ్య లేచి నిలబడ్డాడు. నిరుడు ఇంటి వెనక వంగమడిలో ఒక్క ఆకు మిగలకుండా చుట్టి ఎండబెట్టింది ఆ పురుగే.

"విన్యావా నాగమ్మా. వంగమడి మింగిన దొంగకు ఇది చుట్టమంట. దీన్ని నమ్మి చెట్లప్పగించమంటాండావా నువ్వు?"

"ఏం మామా, మీ ఇంటిపేరోళ్లంతా ఒకే మాదిరి ఉండారా? మీ చిన్నాయన కొడుకు రెండు గొర్రెలమ్ముకొని తాగినాడు. అట్లని నీకు మంద అప్పగించకుండా ఉండారా?"

ఫోన్లో అర్చన నవ్వు వినబడింది. నవ్వు ఆపుకుని ఆమె ఇంకొక సంగతి చెప్పింది. గట్టి మందు కొడితే ఇవి ముందు చస్తాయి, పొలుసు చిప్ప కింద దాక్కుని సగం బతుకుతుంది. అట్లని ఇవే మొత్తం పొలుసును తినేస్తాయని నేను రాసివ్వలేను పెద్దమ్మా, మీ తోట, మీ ఇష్టం అంది. చిన్నసుబ్బయ్య ఆ చివరి మాటను పట్టుకున్నాడు. సదువుకున్న పిల్లే రాసియ్యలేనంటాంటే మనమేందని, గాలి తగ్గిన రోజే మందు కొట్టిస్తానని ఖాయం చేశాడు.

బాలనాగమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి లాభం లేదు, ముప్పై రెండేళ్ల అనుభవం. పొద్దున పనులయ్యాక పోయి మూల చెట్టు కింద కూర్చునేది. ఎర్రబొట్లు ఒక్కొక్కటే కొమ్మ మారుతూ, తిన్నమేర శుభ్రం చేసుకుంటూ పోతుంటే చూసేది. మసి కమ్మిన ఆకుల మధ్య లేత చిగురొకటి ఎర్రగా, శుభ్రంగా లేచింది. దాన్ని చూస్తే ప్రాణం హాయిగా ఉండేది, అంతలోనే ఆకులు కదులుతున్నాయా లేదా అని భయంగా చూసేది. గాలి వీచినంతకాలమే వీటి ఆయుష్షు. ఊరంతా దుమ్మని తిట్టుకుంటున్న గాలిని ఆ తోటలో ఒక్క మనిషి బతిమాలుకుంటోంది.

చిన్నసుబ్బయ్య మాత్రం ఆ రోజుల్లో తెల్లవారగానే తోటకు పోయి డ్రిప్పు వాల్వు తిప్పి రావడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాల పనికి అరగంట చేసేవాడు. సాయంత్రం గొర్రెల్ని తోలాక వాల్వు కట్టాలని మళ్లీ పోయేవాడు. వాల్వు బిగుసుకుపోయిందేమో, నూనె వేయకూడదా అని బాలనాగమ్మ ఒకరోజు అంది. వేస్తాలే అన్నాడు, వేయలేదు.

శ్రావణం ముందు గాలి పడిపోయింది. ఒకరోజు సాయంత్రం ఆకు కదలడం మానేసింది. నారాయణరెడ్డి కబురు పంపాడు, రేపు పొద్దున ట్రాక్టర్ వస్తుందని. ఆ రోజు సంగటి పెడుతూ బాలనాగమ్మ అభిమానం చంపుకుని అడిగింది. తోటంతా కొట్టించుకో, మూల చెట్టు ఒక్కటి వదిలేయమని. మందలో ఒక గొర్రెకు సూది మానేస్తే మందంతటికీ మానేసినట్టేనని ఆయన అన్నాడు. గొంతు మాత్రం అంత గట్టిగా లేదు. తినడం కూడా సగంలో ఆపి లేచాడు. ఆమెకు ఆ గొంతు సంగతి పట్టించుకునే ఓపిక లేదు, చెట్లు నావి అన్న మాట వట్టి మాటేనని తేలిపోయిందని గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున రహీం ట్రాక్టరేసుకుని వచ్చేశాడు. నారాయణరెడ్డి దగ్గర పదేళ్లుగా డ్రైవరు, ఎండెక్కకముందు పని ముగించాలని తొందర. మిషనూ గొట్టాలూ సిద్ధం చేసి, డ్రమ్ములో నీళ్లు నింపి, మందు కలపాలంటే మామ ఏడి అని అడిగాడు. మామ ఇంట్లో లేడు. దొడ్డి దగ్గర లేడు. తడిక తీయలేదని గొర్రెలు అరుస్తున్నాయి. ముప్పై రెండేళ్లలో గొర్రెల్ని విప్పే వేళకు ఆయన దొడ్డి దగ్గర లేని రోజు లేదు. బాలనాగమ్మ తోటలోకి పరిగెత్తింది, వెనకాలే రహీం.

చిన్నసుబ్బయ్య మూల చెట్టు దగ్గర ఉన్నాడు. తలపాగా తీసి భుజాన వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, మోకాళ్ల మీద నిలబడి ఒక్కో ఆకూ తిరగేసి చూస్తున్నాడు. మోచేతులకు మసి, చెంపకు మసి. వీళ్లొచ్చిన చప్పుడుకు తల కూడా తిప్పలేదు.

"పదే ఉండాయి నాగమ్మా," అన్నాడు. "నిన్న మాపటికి పదకొండు ఉన్యాయి. మొన్నా పదకొండే. ఒకటి తగ్గినాది."

పదకొండని ఆమె ఎవరికీ చెప్పలేదు. అర్చనకు కూడా చెప్పలేదు.

"పదకొండని నీకెవురు చెప్పినారు మామా?"

ఆయన మెడ గోక్కున్నాడు. వాల్వు తిప్పే దానికి వచ్చినప్పుడు ఎర్రగా కంటబడినాయి, కంటబడినాక లెక్కపెట్టకుండా ఎట్లుంటానని అడిగాడు. ఎన్నాళ్ల నుంచని ఆమె అడిగింది. పద్దెనిమిది దినాలని చెప్పాడు, పొద్దునొకసారి, మాపునొకసారి అని కూడా చెప్పాడు. వాల్వుకు ఏ రోగమూ లేదని అప్పుడు తెలిసింది.

రహీం ఏదో గొర్రె తప్పిపోయిందనుకుని, ఏ పక్కకు పోయింది మామా, బండేసుకుని చూసొస్తానన్నాడు. గొర్రె కాదు పురుగని చెబితే వాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"మందు కలపాల్నా, వద్దా మామా?"

"కలపొద్దు. నా వాట్లో ఒకటి కనపడ్ల్యా. అది యాడుండాదో తేలకుండా దీంట్లో మందెట్ల పోస్తావప్పా?"

నా వాట్లో అన్నాడు. బాలనాగమ్మ చెవులారా విన్నది. అరవై నాలుగు గొర్రెల్ని తప్ప దేన్నీ ఆయన అట్లా అనగా ఆమె ఎరగదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా చెట్టుకు అటువైపు పోయి ఆమె కూడా వెతకసాగింది. రహీం కాసేపు నిలబడి, చేసేదేమీ లేక, వాడూ ఒక కొమ్మ పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి ఒక్క చీనీ చెట్టును ఆకు ఆకునా గాలించారు. దొడ్డిలో గొర్రెలు గోల పెడుతూనే ఉన్నాయి.

దొరికింది బాలనాగమ్మకే. రెండు కొమ్మలు చీలే సందులో, లోపలికంటా నక్కి, గట్టిగా అతుక్కుని ఉంది గుబ్బ. పైన ఎర్రబొట్టు అట్లాగే ఉంది. ఒక చివర మాత్రం సన్నని రంధ్రం. తాకితే లోపల ఏమీ లేదు.

"సచ్చిపాయనా?" అని చిన్నసుబ్బయ్య అడిగాడు. ఆయన మొహం చూడలేకపోయింది ఆమె.

అప్పుడే రహీం ఇది చూడండని పిలిచాడు. గుబ్బకు బెత్తెడు పైన, ఆకు అడుగున, బియ్యపుగింజంత రెక్కలపురుగు వాలి ఉంది. మీగడ రంగు రెక్కలు, మధ్యలో లేత గోధుమరంగు పట్టె. రెక్కలింకా సరిగ్గా విప్పుకున్నట్టు లేదు, కొసలు కొంచెం మెత్తగా ఉన్నాయి. చిన్నసుబ్బయ్య కళ్లజోడు సర్దుకుని వంగాడు. ఒకసారి రంధ్రం వైపు చూశాడు, ఒకసారి రెక్కల వైపు చూశాడు. ఇది కాయల జోలికి పోతుందా అని మెల్లగా అడిగాడు. పోదని, ఇంకెక్కడ పొలుసుంటే అక్కడ గుడ్లు పెడుతుందని అర్చన చెప్పినట్టు బాలనాగమ్మ చెప్పింది. ముగ్గురూ చూస్తుండగానే అది లేచి, తడబడుతూ, మసి బాగా కమ్మి ఉన్న రెండో వరస చెట్టులోకి పోయింది.

చిన్నసుబ్బయ్య దాన్ని కనబడినంతదూరం చూశాడు. తర్వాత మూల చెట్టు వైపు తిరిగి, వేలు ఆడిస్తూ మొదటి నుంచి లెక్కపెట్టుకొచ్చాడు. పది దాకా వచ్చి, రెండో వరస చెట్టు వైపు వేలు చూపి పదకొండన్నాడు. భుజం మీది తలపాగా తీసి తలకు చుట్టుకున్నాడు.

"లెక్క సరిపాయ. రహీమూ, బండి తీస్కపో నాయనా. మందు వద్దన్న్యానని రెడ్డన్నకు చెప్పు. నేనొచ్చి మాట్లాడుకుంటాలే."

రహీం డ్రమ్ములో నీళ్లు అక్కడే కాలవలో పోసేసి, ట్రాక్టర్ తిప్పుకుని పోయాడు. పోతూ పోతూ ఊళ్లో అందరికీ చెప్పాడు. చిన్నసుబ్బయ్య మామ పురుగుల్ని మేపుతున్నాడని పదిరోజులు ఊరు నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. రెండో వరసలో కొత్తగా కనబడిన వాటికి బొట్లు పెట్టమని రంగుడబ్బా ఆయనే తెచ్చిచ్చాడు.

కాపు కోసేనాటికి తోట మొత్తం శుభ్రమైందని చెబితే అబద్ధం. గట్టు పక్క నాలుగు చెట్లకు కొమ్మలు కొట్టేయాల్సి వచ్చింది, కొన్ని కాయల మీద మసి గుడ్డతో తుడిస్తే గానీ పోలేదు. మిగతా చెట్లు మాత్రం నిలబడ్డాయి, కాయ నిలబడింది. కోత ముందురోజు నారాయణరెడ్డి వచ్చి తోటంతా కలియతిరిగాడు. ఆయన తోటకూ పొలుసు పాకింది, రెండుసార్లు మందు కొట్టినా మళ్లీ లేచింది. తిరిగి తిరిగి మూల చెట్టు దగ్గర ఆగి, వీటిలో కొన్ని మా తోటకు ఇస్తావా సుబ్బయ్యా అని అడిగాడు. అడగాల్సింది నన్ను కాదన్నా, చెట్లు దానివి అని చిన్నసుబ్బయ్య బాలనాగమ్మను చూపించాడు.

బాలనాగమ్మ గుబ్బలున్న కొమ్మ ఒకటి చూసి కత్తిరించి ఇచ్చింది. రెడ్డి దాన్ని పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, చిన్నసుబ్బయ్య ఉండన్నా అంటూ వెనకాలే పరిగెత్తి ఆ కొమ్మను ఎండకేసి తిప్పి చూశాడు.

"తొమ్మిదుండాయి. పొద్దునా మాపూ చూసుకోవాల. తగ్గితే నాకు చెప్పు, నేనొచ్చి వెతుకుతా."

ఆ సాయంత్రం అరవై నాలుగూ దొడ్డిలోకి చేరాయి. బాలనాగమ్మ సంగటి వేడివేడిగా దించి, ఊరిమిండి గిన్నె పక్కన పెట్టి, తినడానికి రమ్మని పిలిచింది. ఆయన పిలిచిన వెంటనే వచ్చాడు.